ముగ్గు ఆరేదాకా

పన్నెండేళ్ల నా పనినంతా ఒకేచోట పెట్టి చూపిస్తామని బెంగళూరు నుంచి ఒక మ్యూజియం క్యూరేటరు ఫోన్ చేసినప్పుడు, నాకు సంతోషం కంటే ముందు నవ్వొచ్చింది. అట్లాంటి ప్రదర్శనలు జుట్టు నెరిసినవాళ్లకు పెడతారు, లేకపోతే ఫోటోకు దండ పడినవాళ్లకు పెడతారు. నాకప్పటికి ముప్పై మూడేళ్లు. దండ పడటానికి ఇంకా టైముంది కదండీ అన్నాను. అవతల ఆయన మర్యాదగా నవ్వాడు. ఆ దండ మా నాయనకు వేయబోతున్నాడని అప్పుడు నాకు తెలియదు.

నేను చేసే పనిని ఇన్‌స్టలేషన్ అంటారు. వస్తువులు తెచ్చి ఒక గదిలో అమర్చి, చూడవచ్చినవాళ్లను వాటి మధ్య నడిపించడం. ఊళ్లో ఎవరైనా అడిగితే నాయన ఇంకా సులువుగా చెప్తాడు. "మన కొట్టంలో మూలకు పడుండే సామాన్లంతా మా పాప టౌనుకు ఎత్తకపోయి పరస్తాది. వాళ్లు చూసి రవ్వంత బాధపడి ఇండ్లకు పోతారు." ఇందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎండిన బోర్లలోంచి పీకిన కేసింగు పైపులు వేలాడదీసి గాలికి ఊళ వేయించాను. ట్యాంకరు కోసం వీధిలో వరుస కట్టే ప్లాస్టిక్ బిందెల్ని గోడ పొడవునా నిలబెట్టాను. చూసినవాళ్లు రవ్వంత బాధపడి ఇళ్లకు పోయారు.

మొట్టమొదట చేసిన పని మాత్రం బాధపెట్టడానికి చేసింది కాదు. అది ఒక ముగ్గు. దాని గురించి చెప్పాలంటే మా అమ్మ దగ్గరికి పోవాలి.

మా ఊరు అనంతపురం జిల్లాలో, మడకశిర దాటినాక, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉంటుంది. నాయన చదువుకున్నది అవతలి ఊళ్లో, కన్నడ బడిలో. ఆ బడే దగ్గర కాబట్టి. నాకు కన్నడం మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. తొంభైల చివర్లో నేను హైదరాబాదులో బొమ్మలు వేయడం నేర్చుకుంటూ ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చి ఉన్నాను. అప్పుడు నాయన చేలో ఇంకో బోరు వేయించాడు. ఇంకో అంటున్నాను ఎందుకంటే అంతకుముందువి ఉన్నాయి, అవీ ఎండినవే. ఈసారి నీళ్లు పడకపోతే మళ్లీ వేయించే శక్తి లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరమూ పైకి అనలేదు.

పొద్దుగూకే వేళకు బోరు బండివాడు మిషను ఆపేశాడు. "ఇంగ లాభం ల్యాదన్నా. అంతా రాయే" అన్నాడు. చేనంతా తెల్లటి రాతిపొడి. మా ముగ్గురి తలల మీదా, రెప్పల మీదా అదే పొడి. నాయన ఆ గుంత పక్కన ఎంతసేపు నిలబడ్డాడంటే బండి పోయింది, దాని చప్పుడూ పోయింది, ఆయన మాత్రం కదల్లేదు. అమ్మ కొంగు దులుపుకుని, గంప తీసుకుని దాని నిండా ఆ పొడి ఎత్తుకుంది.

"అదెందుకే ఇప్పుడు?" అన్నాను.

"ముగ్గుకు పనికొస్తాది. నీళ్లు రాకపోతే పిండన్నా వచ్చింది గదా" అంది. నాకు ఒళ్లు మండింది. కరువులో అధికమాసం అన్నట్టు, ఇంత జరిగితే ఈమెకు ముగ్గు కావాలా అనుకున్నాను.

మా దిక్కున ఇల్లు ఎట్లా ఉందో ముగ్గు చూసి చెప్తారు. చావు జరిగిన ఇంటిముందు ముగ్గు వేయరు. పొద్దున్నే వీధిలో పోయేవాళ్లు ముగ్గులేని వాకిలి చూస్తే ఒక్క క్షణం ఆగి, ఎవురు పోయినారప్పా అని పక్కింట్లో అడుగుతారు. ఆ సంవత్సరాల్లో అట్లా అడగాల్సి వచ్చిన ఇళ్లు మా చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

మరుసటి రోజు నేను మిద్దెమీద నిద్రలేచి వీధివైపు మెట్లు దిగి వచ్చేసరికి అమ్మ ముగ్గు వేస్తోంది. మా ఇంటికి ఒకటే వాకిలి. వాకిలి ముందు రెండుపక్కలా గోడలున్న చిన్న సందు, దాని చివర వీధి. రోజూ అయితే అమ్మ నాలుగు గీతలు గీసి లేస్తుంది. ఆరోజు రాతిపొడిని నీళ్లలో దోసెపిండి మాదిరి కలిపి, గుడ్డముక్క ముంచి, వేళ్ల సందున జార్చుకుంటూ, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నింపేసింది. వరస మీద వరస. గడపకు లోపల నాయన మోకాళ్లు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. భుజాన తువ్వాలు, కాళ్లకు చెప్పులు. ఇంట్లో చెప్పులేసుకుని కూర్చున్నాడేంటి అని నాకు అనిపించింది గానీ, నా కన్ను వేరేదాని మీద పడింది. అమ్మ పక్కన ఖాళీ బిందె. ట్యాంకరు మళ్లీ వచ్చేదాకా మాకు ఉన్న తాగే నీళ్లు అందులోవే.

"నీకేమన్నా పిచ్చా? తాగే నీళ్లు గదా అవి!" అని అరిచాను.

"తెలుసులేవే" అంది తల ఎత్తకుండా. ఇంకో వరస మొదలుపెట్టింది.

అంతలో ఊళ్లోవాళ్లు రావడం మొదలైంది. బోరు పోయిందని తెలిసి పరామర్శకు వస్తున్నారు. మగవాళ్లు తలగుడ్డలు తీసి చేతిలో పట్టుకున్నారు. ఒక పెద్దమ్మయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుపుకు సిద్ధంగా వచ్చింది. సందు మొదట్లోనే అందరూ ఆగిపోయారు. కాలు పెట్టడానికి చోటు లేదు.

అమ్మ అప్పుడు లేచి నిలబడింది. చేతులకు తెల్లటి పిండి కారుతోంది. "ఏమక్కా, ఇంత పొద్దున్నే ఇంతమంది వచ్చినారు? ఈ ఇంట్లో ఎవురన్నా సచ్చినారా?"

పెద్దమ్మ నోటిమీద కొంగు జారిపోయింది.

"బోరు సచ్చింది. మనిషి సావలా. సూడండి, ముగ్గు గూడా ఏసినా" అంది అమ్మ.

నాకు దాహంగా ఉంది, కోపంగా ఉంది, అయినా ఆ మాట విన్నాక నా ఛాతీ ఉబ్బింది. మా అమ్మ అంత పొగరుమనిషి అని నాకు అప్పటిదాకా తెలియదు. కాలేజీకి తిరిగిపోయేటప్పుడు ఒక మూట రాతిపొడి తీసుకుపోయి, అక్కడి హాలు గచ్చుమీద అదే ముగ్గు వేసి, పక్కన ఖాళీ బిందె పెట్టాను. నా పని అట్లా మొదలైంది. కరువు మమ్మల్ని చంపలేదు అని చెప్పడానికి మొదలైంది. చచ్చాం అని చెప్పడానికి కాదు.

మ్యూజియంలో కూడా మొదటి గదిలో ఆ ముగ్గే ఉండాలన్నాను. పొడి కోసం ఊరికి పోయాను. బోరు గుంత పక్కన మిగిలిపోయిన పొడిగుట్ట పన్నెండేళ్లలో వానకు కాస్త, ఎండకు కాస్త గట్టిపడి పెళ్లలు కట్టింది. నేనూ నాయనా దాన్ని సుత్తితో కొట్టి, జల్లెడ పట్టి, సంచులకెత్తాం. బస్సు మీద వేయిస్తుంటే కండక్టరు అడిగాడు. "ఏముండాదప్పా మూటల్లో, ఇంత బరువు?"

"బోరు" అన్నాడు నాయన. "బెంగళూరోళ్లు సూస్తారంట. ఎత్తకపోతాండాం."

మ్యూజియంలో మొదటి తగువు నీళ్లతో. గ్యాలరీలోకి నీళ్లు తేకూడదట. జిగురుతో అంటించి మూడు నెలలు కదలకుండా ఉండేట్టు చేద్దామన్నారు. అంటించినదాన్ని స్టిక్కరంటారు, ముగ్గనరు అన్నాను. రోజూ పొద్దున ఊడ్చి, నీళ్లతో కలిపి, కొత్తగా వేయాలి. నీళ్లు లేని ఊళ్లోనే మా అమ్మకు దొరికినాయి, మీ ఊళ్లో దొరకవా అని అడిగాను. రెండు మీటింగులు పెట్టుకుని చివరికి ఒక బకెట్‌కు ఒప్పుకున్నారు.

రెండోది దారి. ముగ్గు తలుపు దగ్గర గోడ నుంచి గోడకు ఉంటే జనం లోపలికి ఎట్లా వస్తారు, చక్రాల కుర్చీ ఎట్లా వస్తుంది అన్నారు. అది న్యాయమైన మాటే. పక్కన చక్రాల కుర్చీ పట్టేంత దారి వదలడానికి ఒప్పుకున్నాను. అదంత పెద్ద విషయం అనుకోలేదు.

మూడోది బోర్డు. ప్రారంభానికి వారం ముందు, ముగ్గు పక్కన గోడమీద పెట్టే రాత నాకు చూపించారు. ఇంగ్లీషులో ఉంది. బోరు ఎండిన మరునాడే ప్రాణం తీసుకున్న తండ్రికి కూతురు ఇస్తున్న నివాళి, అని రాసి ఉంది. ఆయన మట్టిని ప్రేమించినవాడట, మితభాషి అట, మహానుభావుడట.

నేను క్యూరేటరు గదికి పోయి ఆ కాగితం ఆయన బల్లమీద పెట్టాను. "మా నాయన బతికే ఉన్నాడు. ప్రారంభానికి వస్తున్నాడు కూడా. ఆయన్ను ఎక్కడ నిలబెట్టమంటారు, బోర్డు పక్కనా?"

ఆయన కాగితం తీసుకుని మళ్లీ చదివాడు. చెడ్డవాడు కాదు, పనిలో శ్రద్ధ ఉన్నవాడు. చావుకు వచ్చినట్టు జనం మా ఇంటికి వచ్చారని నేను ఫోనులో చెప్పిన మాటను ఆయన చావు కిందే తీసుకున్నాడు. "అనంతపురం అన్నారు, బోరు అన్నారు, అందుకని..." అని నసిగాడు.

అదీ నా కడుపుమంట. అనంతపురం అంటే చాలు, అడగకుండానే తండ్రిని చంపేస్తారు. చంపి, పక్కన దీపం పెట్టి, చూడవచ్చినవాళ్లకు చూపిస్తారు. బతికి ఉన్నవాడు, బస్సు టాపు మీద మూటలు వేసి కండక్టరుతో ఎగతాళి ఆడేవాడు, వాళ్లకు పనికిరాడు. ఇవన్నీ నేను అన్నాను, ఇంతకంటే గట్టిగానే అన్నాను.

ఆయన కాగితం పక్కన పెట్టి, "మీ నాన్నగారు బతికి ఉండటం మంచిదే. కానీ ఎందరో నాన్నలు పోయారు కదా. 'ఒక రైతు మరణం' అని మారుద్దామా? చూసేవాళ్లకు ముగ్గు అర్థం కావాలి కదా" అన్నాడు.

"ఆ ముగ్గుకు అర్థమే ఎవరూ చావలేదని. మీరు మారుస్తారా, నేను నా పైపులూ బిందెలూ లారీకెక్కించమంటారా?" అన్నాను. అంత పెద్ద అవకాశం మళ్లీ వస్తుందో రాదో నాకు తెలియదు. రాకపోతే పోనీ అనే అనుకున్నాను. బతికున్న నాయన్ను చంపి తెచ్చుకునే పేరు నాకెందుకు?

మార్చారు. 'కరువు నేలలో ఒక తల్లి వేసిన ముగ్గు' అని కొత్త బోర్డు తగిలించారు. గెలిచానని పొంగిపోయాను.

ప్రారంభం రోజు అమ్మా నాయనా పొద్దున్నే బస్సు దిగారు. నాయన ఇస్త్రీ చొక్కా, అమ్మ మెంతిరంగు పట్టుచీర. తలుపు దగ్గర అమ్మ ముగ్గును అటూ ఇటూ చూసింది. పెళ్లిలో వంట రుచి చూసే పెద్దావిడ ముఖం అది.

"గీతలు బాగానే వచ్చినాయి. పక్కన దావ యాల వదిలినావే?"

"జనం నడవాలి కదమ్మా."

"నేను వదల్లేదే" అంది. అని పక్కనున్న బిందెల వైపు పోయింది.

నాయన గోడ దగ్గర ఆగాడు. ఇంగ్లీషు బోర్డు పక్కన ఆరోజు పొద్దునే ఇంకో బోర్డు వెలిసింది. కన్నడంలో. దాన్ని వేరే ఆఫీసు వాళ్లు పాత కాగితం చూసి అనువాదం చేసి పంపారట, అది మార్చాలని ఎవరికీ తోచలేదు. నాకు చదవడం రాదు కాబట్టి, రెండూ ఒకటే అనుకుని పక్కనుంచే పోయాను. నాయన మాత్రం బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు. చదివి మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"మ్మేయ్, ఈడకు రా" అని అమ్మను పిలిచాడు.

"ఏం రాసినారు?"

"నేను సచ్చినానంట. మహానుభావున్నంట. సచ్చినోని కండ్లు చారెడు అంటే ఇదే."

క్యూరేటరు కోసం పరుగెత్తబోయాను. అమ్మ నవ్వుతోంది. "అట్లనా? ఎప్పుడు సచ్చినావంట?"

"బోరు పోయిన తెల్లారి" అన్నాడు నాయన.

అమ్మ నవ్వు ఆగిపోయింది. నాయన గొంతు తగ్గించి అమ్మనే అడిగాడు. "వీళ్లకు ఎవురు చెప్పినారు? నువ్వు చెప్పినావా?"

"నేను ఎవురికీ చెప్పలా. పాపక్కూడా చెప్పలా" అంది అమ్మ.

నేను పరుగెత్తలేదు. అక్కడే నిలబడిపోయాను. ఏం చెప్పలేదని అడిగాను. వాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నాయనే చెప్పాడు. పంట ఎట్లా పోయిందో చెప్పే గొంతుతోనే చెప్పాడు.

"ఆ పొద్దు నేను పోయేదానికే లేసినా పాపా. పురుగులమందు డబ్బా తువ్వాల్లో సుట్టుకొని సంకన పెట్టుకున్యా. చెప్పులేసుకొని వాకిట్లోకి వస్తే మీయమ్మ ముగ్గేస్తాండాది. ఈ గోడ నుంచి ఆ గోడకు. జరుగు అన్యా. పచ్చి ముగ్గు తొక్కుతావా, ఆరేదాకా కూసో, ఆరినాక పో అనింది. ఆడది కష్టపడి ఏసిన ముగ్గు తొక్కబుద్ధి కాలా. సరే, ఆరేదాకా గదా అని కూసున్యా. అది ఆరేలోపల ఇంకో వరస. అదీ ఆరేలోపల ఇంకోటి. తర్వాత ఊరంతా వచ్చిరి. ఇంగ యాడికి పోయేది?"

నాకు ఆయన కాళ్లకున్న చెప్పులు గుర్తొచ్చాయి. ఖాళీ బిందె గుర్తొచ్చింది. పిచ్చా నీకు అని అరవడం గుర్తొచ్చింది. పన్నెండేళ్లుగా ఆ ముగ్గు ఊరివాళ్ల కోసం వేసిందని చెప్పుకు తిరిగాను. అది వీధివైపు వేసింది కాదు. వాకిలివైపు వేసింది.

"నీకు తెలుసా అమ్మా, డబ్బా సంగతి?"

"ఇల్లు ఊడ్సేదాన్ని, ఏది యాడుండాదో నాకు తెల్దా?"

"మరి డబ్బా లాక్కుని పారేయొచ్చు కదా!"

"డబ్బా పారేస్తే బాయి ఉండాది. బాయి మూస్తే ఇంగోటి ఉంటాది. ఎన్నిటికని కాపలా కాసేది? మనిషిని కూసోబెట్టల్ల అంతే. ఎండ ఎక్కితే ఆ ఆలోచన అదే దిగిపోతాది" అంది అమ్మ. అంటూనే కొంగుతో ముఖం తుడుచుకుంది. నేను ఏడ్చాను, అందరి ముందరా, ముక్కు కారేలాగా ఏడ్చాను. బాధగా ఉంది. అంతకు పదింతలు గర్వంగా ఉంది.

క్యూరేటరు ఎవరో చెప్పగా పరుగెత్తుకొచ్చాడు. చేతులు జోడించాడు. నాయన కన్నడంలోనే ఆయనతో మాట్లాడాడు. ఆ మాటలు నాకు బాగానే అర్థమయ్యాయి. "తప్పు నీదొక్కనిదే కాదులేప్పా. పోయినోళ్లు శానామంది ఉండారు. వాళ్ల గురించి రాయి. ఇండ్లకు పోయి, వాళ్లు ఎట్లాంటి మనుషులో అడిగి రాయి. నన్ను మటుకు బతకనీ. ఆ పొద్దు మా ఇంటామె పోనీలేదు. ఇప్పుడు నన్ను పంపేదానికి నువ్వెవురు?"

క్యూరేటరు తనే బోర్డును రెండు చేతులతో పీకి గోడకు ఆనించి పెట్టాడు.

ఆ రాత్రి అమ్మా నాయనా నా గదిలోనే ఉన్నారు. పొద్దున్నే ముగ్గురం మ్యూజియంకు పోయాం. నేను పాత ముగ్గు ఊడ్చాను. అమ్మ బకెట్‌లో రాతిపొడి కలిపి, పట్టుచీర ఎగ్గట్టి, ఈ గోడ నుంచి మొదలుపెట్టింది. ఆ గోడ దాకా పోయింది. పక్కన దారి లేదు.

తలుపు తీసే వేళకు క్యూరేటరు వచ్చి చూసి తల పట్టుకున్నాడు. జనం బయట నిలబడి ఉన్నారు. "లోపలికి ఎట్లా వస్తారు?" అన్నాడు.

"ఆరినాక వస్తారు. కుర్చీలు వేయించండి. చక్రాల కుర్చీకైనా కాళ్లకైనా ఒకటే రూలు" అన్నాను.

"ఈ ఏసీలో ఎప్పటికి ఆరేను?"

ముగ్గుకు అవతల, లోపలివైపు, నాయన గార్డు స్టూలు లాక్కుని చెప్పులతోనే కూర్చున్నాడు. వాకిట్లో ఎవరో ఇంకెంతసేపు అని విసుక్కున్నారు.

"ఆరేదాకా కూసోండప్పా" అన్నాడు నాయన. "యాడికి పోవల్ల ఇంత తొందరగా?"

అమ్మ తల ఎత్తలేదు. గుడ్డముక్క ముంచి ఇంకో వరస మొదలుపెట్టింది.